నా చేతికే ఇవ్వు

గోదావరి కాలువగట్టున నున్న యొక చిన్న పట్టణములో, పేరు చెప్పుట కిష్టపడని యొక వృద్ధాశ్రమమున మా మేనత్త తన కడపటి యేండ్లు గడపినది. ముప్పది యేండ్లు పంతులమ్మగా పనిచేసి ఎందరో పిల్లల పుస్తకములలో ఎఱ్ఱసిరాతో తప్పులు దిద్దిన మనిషి. తప్పును తప్పనుటకు జంకు స్వభావము ఆమెది కాదు. అట్టి యామెను ఒక ఆషాఢమాసమున చూడబోయి, నిర్వాహకుడు ప్రక్కనే నిలిచియుండగా, "ఎలా ఉంది అత్తయ్యా, ఇక్కడ?" అని యడిగితిని. "బాగానే ఉందిరా నాయనా, లోటేమీ లేదు" అన్నది. నేను బయలుదేరునప్పుడు వీధిగుమ్మము దాక నడచివచ్చి, చేయి పట్టుకొని, గొంతు తగ్గించి, "మళ్ళీ వచ్చినప్పుడు కొబ్బరినూనె సీసా ఒకటి తెచ్చిపెట్టు. ఆఫీసులో ఇవ్వకు, నా చేతికే ఇవ్వు" అన్నది.

అది ఫిర్యాదని నాకు బస్సెక్కిన తరువాత గాని తోచలేదు.

ఫిర్యాదు అనగానే మన యధికారులకు కాగితము, సంతకము, తేదీ స్ఫురించును. కాని తనకు అన్నము వడ్డించు చేతిమీద, వేళకు మాత్రలందించు చేతిమీద, రాత్రి తడిసిన పక్క మార్చు చేతిమీద కాగితము వ్రాయగల ధైర్యము ఎనుబదియేండ్ల మనిషి కెక్కడిది? హోటలుమీద అలిగినవాడు ఎదుటి హోటలునకు పోవును. ఆసుపత్రిమీద అలిగినవాడు నాలుగు దినములకైన ఇల్లు చేరును. ఆశ్రమవాసి యెంత అలిగినను ఆ రాత్రి ఆ మంచముమీదనే పరుండవలయును. కనుక అక్కడి ఫిర్యాదు ఫిర్యాదు రూపమున రాదు. కంచములో విడిచిన ముద్దగా వచ్చును. సంక్రాంతికి పంపిన చీర మరల కంటబడకపోవుటగా వచ్చును. ఫోనులో "తరువాత మాట్లాడతాలే" అను తొట్రుపాటుగా వచ్చును.

చట్టము లేదనుట కాదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును పార్లమెంటు 2007లో చేసినది; మన రాష్ట్రమున 2011లో నియమావళియు వెలువడినది. కన్నబిడ్డలు కూడు పెట్టనిచో ఆర్డీవో అధ్యక్షతన నుండు ట్రిబ్యునలునకు అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు 10,000 రూపాయలకు మించకుండ భరణ మిప్పింపవచ్చును. చూచుకొందురను షరతుపై వ్రాసియిచ్చిన ఆస్తిని, చూచుకొననిచో, 23వ సెక్షను క్రింద రద్దు చేయింపవచ్చును. కొబ్బరిచెట్టు నీడ యెవరి సరిహద్దులో పడినదని తగవులాడుకొను మన కోనసీమలో ఈ సెక్షను విలువ వేరుగ చెప్పనక్కఱలేదు. అయితే ఈ యేర్పాటంతయు కొడుకుమీది ఫిర్యాదుకొఱకు. ఆ కొడుకు చేర్పించిన ఆశ్రమముమీద చెప్పుకొనుటకు ఈ ట్రిబ్యునలులో తావులేదు. ఇక 19వ సెక్షను, జిల్లాకొకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలినంత ఆశ్రమమును ప్రభుత్వము స్థాపింపవచ్చు నన్నది, స్థాపింపవలయు ననలేదు. 2022 ఏప్రిల్ 4న మన రెండు గోదావరి జిల్లాలు చీలి కాకినాడ, కోనసీమ, ఏలూరు వేరు జిల్లాలైనవి. జిల్లా పెరిగినప్పుడెల్ల ఆశ్రమమును పెరుగవలె నను బాధ్యత మాత్రము ఆ "వచ్చును" అను క్రియలోనే చిక్కుకొనియున్నది.

ప్రతి జిల్లాలోను వృద్ధాశ్రమము లెన్ని యున్నవో లెక్క తెప్పించుమని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో అశ్వనీకుమార్ కేసున కేంద్రప్రభుత్వము నాదేశించినది. లెక్కయే అడిగి తెప్పించుకొనవలసిన స్థితిలో నాణ్యత మాట యెవరెత్తుదురు? మఱుసటి డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు, ప్రైవేటు ఆశ్రమములును రిజిస్టరు కావలయుననియు, కనీస ప్రమాణములు పాటింపవలయుననియు చెప్పినది. ఆ సభకు కాలము తీరుటతో బిల్లును కాలముచేసినది. మిగిలినది వినియోగదారుల కమిషను. సొమ్ము పుచ్చుకొను ఆశ్రమమైనచో అక్కడ తలుపు తట్టవచ్చును. ఉచితముగ చేయునది ఆ చట్టము దృష్టిలో సేవయే కాదు. అనగా, ఎవరికి దిక్కు తక్కువయో వారికే అడుగు హక్కును తక్కువ.

ధర్మమునకు తినువాడు రుచులెంచరాదను భావము మనలో లోతుగా నాటుకొని యున్నది. ఆశ్చర్య మేమనగా ఇది డొక్కా సీతమ్మగారి సీమ. 1909లో పరమపదించిన ఆ యిల్లాలు లంకల గన్నవరమున వేళగాని వేళ వచ్చినవానికిని విస్తరివేసి కీర్తిగాంచినది. వైనతేయ నదిపై అక్విడక్టునకు ఆమె పేరు పెట్టితిమి. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకును ఆమె పేరే పెట్టిరి. పెట్టుట యోగ్యమే. కాని బడిలో అన్నము చిమిడినచో ఆ సాయంత్రమే తల్లి వచ్చి పంతులును నిలదీయును. ఆశ్రమమున తల్లికంచములో చిమిడినచో నిలదీయవలసిన కొడుకు ఆ సమయమున డాలస్‌లో నిద్రించుచుండును.

నిర్వాహకులందఱు దుర్మార్గులని నా యభిప్రాయము కాదు. చందాలమీద నడుచు ఇండ్లు, నెలజీతము చేతికి రాకున్నను విడిచిపోని ఆయాలు, నేనెఱుగుదును. పుట్టినరోజునాడు కుటుంబముతో వచ్చి, మధుమేహ రోగులకును లడ్డూలు పంచి, ఫొటో దిగి, స్నానాలగది తలుపైన త్రోసి చూడక మరలిపోవు దాతలనుగూర్చి వారు చెప్పుకొనరు గాని చెప్పుకొనవలసినది చాల నున్నది.

జైలులోని ఖైదీ యోగక్షేమము లరయుటకు సందర్శకుల ఏర్పాటు జైలు నియమములలోనే కలదు. ఆశ్రమములోని అవ్వకు లేదు. ఇంగ్లండులో కేర్ హోములను తనిఖీ చేయుటకై 2009 నుండి కేర్ క్వాలిటీ కమిషను పనిచేయుచున్నది. ముందు తెలుపకుండ పోయి చూచు నధికారము దానికి గలదు. మనకంత గొప్ప సంస్థ అక్కఱలేదు. డివిజనునకు నలుగురు: పదవీవిరమణ చేసిన నర్సు ఒకతె, ఉపాధ్యాయు డొకడు, ఊరిలో మాటచెల్లు స్త్రీలిరువురు. చెప్పకుండ పోవలయును, వంటయింటినుండి చూపు మొదలిడవలయును, నిర్వాహకుని వెలుపల కూర్చుండబెట్టి ఒక్కొక్కరితో ఏకాంతముగ మాటలాడవలయును, నెలనెలకు బరువు తూచి వ్రాయవలయును, ఏలనన నోరు దాచినది తక్కెడ చెప్పును. ఆ పుస్తకమును ఆర్డీవో చదివి సంతకము చేయవలయును. వృద్ధులకై 14567 అను ఉచిత ఫోను సంఖ్య కలదు, మంచిదే. కాని ఫోనుండునది ఆఫీసుగదిలో. కలెక్టరాఫీసున సోమవారపు అర్జీల దినము కలదు. మోకాళ్ళు లేనివారికి సోమవారమైన నేమి, మంగళవారమైన నేమి?

కొబ్బరినూనె సీసా మాట మిగిలినది. శ్రావణమున దానిని తీసికొనిపోతిని. గుమ్మమున నిర్వాహకుడు ఎంతయు మర్యాదతో ఎదురువచ్చి, "అమ్మగారు పడుకున్నారండి, ఇలా ఇవ్వండి, మేం అందజేస్తాం" అని చేయి చాచినాడు. ఇవ్వనన్నచో, నేను వెడలిన పిమ్మట ఆమెకు ఆ మాట యెట్లు తగులునో యను శంక నన్ను పట్టినది. సీసా యాతని చేతిలో పెట్టి వచ్చితిని.