రిజర్వుడు సీటు కథలు - 6
సైకిల్‌కి దండం పెడతారు, సంఘాన్ని మరిచిపోతారు



మొన్న మళ్లీ ఆ ఫొటో వచ్చింది. సైకిల్ మీద గుమ్మడి నర్సయ్య. కింద ఎప్పుడూ ఉండే మాటే: "ఐదుసార్లు ఎమ్మెల్యే అయినా సొంత కారు లేదు, ఇలాంటి నాయకులు ఇప్పుడేరీ?" పంపినాయన మా పాత క్లాస్‌మేట్. రిజర్వేషన్ మాటెత్తితే 'మెరిట్ పోయింది' అని రాత్రంతా వాదించే మనిషి. ఆయన కూడా దండం పెట్టిండు.

నాకు అక్కడే మండింది.

కోట్లు ఖర్చు పెట్టి గెలిచిన దొరను "మీరెందుకు సైకిల్ తొక్కరు?" అని ఎవరూ అడగరు. కోయ బిడ్డ సైకిల్ తొక్కితే మాత్రం ముచ్చట. మన పేదరికం వాళ్లకు నీతి కథ. మనోడు కారెక్కితే 'మారిపోయిండు', ఎక్కకపోతే 'మహానుభావుడు'. రెండింటిలోనూ ఆయన రాజకీయం గురించి ఒక్క మాట ఉండదు.

ఆ రాజకీయమే చూద్దాం. ఇల్లందు. జనం నోట్లో బొగ్గుట్ట. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది ఇక్కడే. భూమి కింద బొగ్గు, భూమి మీద పోడు. ఎస్టీ రిజర్వుడు సీటు. నర్సయ్య ఇక్కడ 1983లో గెలిచారు. 1985లో గెలిచారు. 1989లో గెలిచారు. 1994లో సీపీఐ అభ్యర్థి ఊకే అబ్బయ్య చేతిలో ఓడారు. 1999లో, 2004లో మళ్లీ గెలిచారు. 2009లో అదే అబ్బయ్య, ఈసారి తెలుగుదేశం నుంచి, ఆయన్ని ఓడించారు.

ఎన్నికల రికార్డుల్లో ఆయన పేరు పక్కన 'స్వతంత్ర' అని కనిపిస్తుంది. నిజానికి అంతకంటే కట్టుబడిన మనిషి లేడు. ఆయన వెనక ఎం.ఎల్. పార్టీ ఉంది, పోడు రైతుల సంఘం ఉంది, తునికాకు కట్ట రేటు కోసం కొట్లాడిన కూలీలున్నారు. ఎమ్మెల్యే జీతం పార్టీకిచ్చి, పార్టీ ఇచ్చిన దాంతో బతికారు. దాన్ని మీరు త్యాగం అంటున్నారు. నేను లెక్క అంటాను. జీతం ఎవరి చేతిలో ఉంటే ఎమ్మెల్యే వాళ్ల మాట వింటాడు. ఇక్కడ వినాల్సింది సంఘం మాట.

ఇప్పుడు ఆయన తర్వాత ఏమైందో చూడండి. 2014లో కాంగ్రెస్ తరఫున కోరం కనకయ్య గెలిచి టీఆర్ఎస్‌లోకి పోయారు. 2018లో టీఆర్ఎస్ అభ్యర్థిగా నిలబడిన ఆయన్ని కాంగ్రెస్ అభ్యర్థి బానోత్ హరిప్రియ ఓడించారు. 2019లో ఆమె కూడా టీఆర్ఎస్‌లోకి పోయారు. 2023లో మళ్లీ ఆ ఇద్దరే. ఈసారి కనకయ్య కాంగ్రెస్, హరిప్రియ బీఆర్ఎస్. గెలిచింది కనకయ్య. మనుషులు వాళ్లే, మెడలో కండువాలు అటుదిటు అయినై.

ఈ ఇద్దరినీ తిట్టడానికి ఇది రాయడం లేదు. 2019లో కాంగ్రెస్ నుంచి ఒకేసారి పోయిన 12 మందిలో రెడ్లూ ఉన్నారు. కానీ రెడ్డి ఎమ్మెల్యేకి పార్టీ పోయినా భూమి ఉంటది, కాంట్రాక్టు ఉంటది, కులం ఉంటది. రిజర్వుడు ఎమ్మెల్యేకి బీ-ఫారం తప్ప ఇంకేముంది? ఆ బీ-ఫారం మీద సంతకం ఎవరిది?

"ఎస్టీ సీటు కథ మనకెందుకన్నా" అని ఒక తమ్ముడు అడిగిండు. తెలంగాణలో 119 సీట్లు. ఎస్సీలకు 19, ఎస్టీలకు 12. ఈ 31 చోట్లా నిలబడేది మనవాళ్లే, ఓటేసేది అందరూ, టికెట్ ఇచ్చేది పైవాళ్లు. బాబాసాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు అడిగింది ఈ గతి పట్టకూడదనే. 1932లో పూనా ఒప్పందంతో మన చేతికి సీటు వచ్చింది, ఓటు మీద పట్టు పోయింది. ఆ పట్టును ఇల్లందులో కొన్నాళ్లు తిరిగి తెచ్చింది సంఘం. చట్టం కాదు.

ఎర్ర పార్టీల్లో కులం లేదా అంటారు. ఉంది. కులం ప్రశ్నను వాళ్లు ఎన్నేళ్లు పక్కన పెట్టారో నేను ఇదే గోడ మీద చాలాసార్లు రాసిన. ఆ బాకీ మాఫీ చేయను. కానీ బాకీ ఉన్నోడు చేసిన మంచి పనిని కూడా చదువుకోవాలి.

ఒక్కటి ఆలోచించండి. 2009 తర్వాత నర్సయ్య సైకిల్ మారలేదు, నిరాడంబరత తగ్గలేదు. 2013లో పార్టీ మాత్రం చీలింది. ఆయన మళ్లీ గెలవలేదు. గెలిపించింది నిరాడంబరతే అయితే ఎందుకు ఓడినట్టు? జనం చెడిపోయారంటారా? జనం కాదు చెదిరింది, జనాన్ని కట్టి ఉంచిన తాడు.

ఇప్పుడు ఆయన మీద సినిమా కూడా తీస్తున్నారు, శివరాజ్‌కుమార్ హీరో. బాగుంది, చూద్దాం. థియేటర్లో సైకిల్ కనబడగానే ఈలలు పడతై. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఈల వేయండి, తప్పు లేదు. బయటికొచ్చాక మాత్రం మీ నియోజకవర్గంలో ఒక పని చేయండి. మీది రిజర్వుడు సీటైతే ఎమ్మెల్యేని కారు గురించి అడగొద్దు. గత ఐదేళ్లలో మా వాడకొచ్చి ఎన్నిసార్లు లెక్క చెప్పినవ్ అని అడగండి. జవాబు రాకపోతే తప్పు ఆయన ఒక్కడిదే కాదు. అడిగే సంఘం మనం కట్టలేదు.

ఆ కట్టే పని గురించి వచ్చే భాగంలో.

జై భీమ్.