నొప్పి లేదుగా!

"పుండు పడింది గానీ నొప్పేం లేదు, అదే మానుతుంది లెండి." షుగరున్న ఇంట్లో ఈ మాట వినని వాళ్ళు అరుదు. చెప్పేవాళ్ళది ధీమా, వినేవాళ్ళది నిశ్చింత. నాకు మాత్రం ఈ మాట చెవినపడితే భయమేస్తుంది. అరికాలికి పుండు పడి కూడా నొప్పి లేదంటే, జబ్బు చాలా దూరం వచ్చిందని అర్థం.

ఏళ్ళ తరబడి చక్కెర అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియదు. మేకు దిగినా తెలియదు. తిమ్మిర్లని వేడినీళ్ళలో కాళ్ళు పెడితే బొబ్బలెక్కినా తెలియదు. దానికి తోడు రక్తనాళాలు పూడుకుపోతే పుండుకు రక్తం అందదు. వేలు నల్లబడేది అందుకే. బీడీ, సిగరెట్ అలవాటుంటే ఆ రోజు ఇంకా ముందే వస్తుంది.

కుష్ఠురోగుల వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని లోకం నమ్మిన రోజుల్లో, వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్ అనే సర్జన్ ఆ నమ్మకాన్ని కాదన్నారు. స్పర్శ పోయినవాడు తెలియకుండా తగిలించుకున్న దెబ్బలే వేళ్ళను తినేస్తున్నాయని చూపించారు. రాత్రి ఎలుకలు కొరికినా రోగికి మెలకువ రావడం లేదని తెలిసి, ఇళ్ళకు పిల్లుల్ని ఇచ్చి పంపారట! తర్వాత అమెరికాలోని కార్విల్‌లో ఆయన అదే పాఠాన్ని షుగరు పాదాలకూ చెప్పారు. మన ఇళ్ళకు అదింకా చేరలేదు.

చేరకపోగా, చెప్పుల్లేకుండా నడిస్తే రక్తం బాగా ఆడుతుందని సలహాలిచ్చేవాళ్ళున్నారు. స్పర్శ తెలిసే కాలికి అది సరదా కావచ్చు, మొద్దుబారిన కాలికి ముప్పు. మే నెల మిట్టమధ్యాహ్నం గుడి బండల మీద ప్రదక్షిణ చేసి, ఇంటికొచ్చాక గాని బొబ్బలు చూసుకోనివాళ్ళుంటారు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళలో షుగరున్నవాళ్ళు లేరా? భక్తిని తప్పుపట్టడం లేదు. మాల వేసుకునే ముందు గురుస్వామికి ఈ సంగతి చెప్పండి, డాక్టరుకు కాళ్ళు చూపించండి.

ఇక "ఆస్పత్రికి వెళితే కాలు తీసేస్తారు" అన్న భయం. అందులో కొంత నిజముంది, తీసేస్తారు. కానీ ఎవరికి? ఆనెకాయను బ్లేడుతో కోసుకుని, పసుపు అద్ది, నెల గడిచాక వాసన వస్తుంటే వెళ్ళినవాళ్ళకి. షుగరు వల్ల కాలు పోయినవాళ్ళలో 100కు సుమారు 85 మందికి అది మొదట ఒక పుండుగానే ఉంది. మొదటి వారంలోనే చూపించుకుంటే చాలామందికి డ్రెస్సింగు, కాలు మీద బరువు పడకుండా జాగ్రత్త, యాంటీబయాటిక్, అవసరమైతే రక్తనాళం తెరిచే చికిత్సతో సరిపోయేది.

స్పర్శ ఉందో లేదో తెలుసుకోవడానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో అరికాలిని తాకి చూస్తారు, రెండు మూడు నిమిషాల పని. ఈసారి షుగరు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, మందుల చీటీ చేతికి రాకముందే చెప్పులు విప్పి కాళ్ళు ముందుకు చాపండి.