యంత్రం గీసిన బొమ్మకు సాక్షి ఎవరు?

క్రిస్మస్ దగ్గరపడిందంటే మన సంఘాల్లో ఫ్లెక్సీల పని మొదలవుతుంది. సువార్త సభకు కరపత్రం, ఆదివారం ఆరాధనలో తెర మీద చూపే చిత్రం, యూట్యూబ్‌లో పెట్టే ప్రసంగానికి ముందు కనిపించే బొమ్మ, ఇలా ప్రతిదానికీ ఏదో ఒక చిత్రం కావాలి. ఫ్లెక్సీ షాపులో డిజైన్ చేసే తమ్ముడు క్షణాల్లో పశువుల తొట్టినో, గొర్రెల మందనో, జోడించిన చేతులనో వెతికి పెడతాడు. అది ఎక్కడిదని మనం అడగం. ఇప్పుడు అడగాల్సిన అవసరం వచ్చింది. ఎందుకంటే బొమ్మలు అమ్మడమే వ్యాపారంగా ఉన్న పెద్ద అంగళ్లే ఆ ప్రశ్న అడుగుతున్నాయి. సరైన జవాబు లేని బొమ్మలను వెనక్కి పంపేస్తున్నాయి.

ఈ అంగళ్లను స్టాక్ సైట్లు అంటారు. షేర్ల మార్కెట్‌తో వీటికి సంబంధం లేదు. ఫొటోగ్రాఫర్లు, చిత్రకారులు తమ పనిని ఈ సైట్లకు పంపుతారు. అక్కడ పరిశీలించి, బాగుంటే అమ్మకానికి పెడతారు. పత్రికలు, కంపెనీలు, పుస్తకాలు వేసేవారు డబ్బు కట్టి వాడుకుంటారు. వచ్చిన దానిలో కొంత పంపినవారికి దక్కుతుంది. అడోబీ స్టాక్‌లో ఫొటో అమ్మితే ఆ వాటా 33 శాతం. ఒక్కో అమ్మకానికి వచ్చేది చిన్న మొత్తమే అయినా, ఏళ్ల తరబడి ఓపికగా పని చేసినవారికి అది బతుకుదెరువు.

2022లో పరిస్థితి మారిపోయింది. నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ గీసిచ్చే మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ వంటి కృత్రిమ మేధ పరికరాలు అందరి చేతికీ వచ్చాయి. కెమెరా లేనివారు, కుంచె పట్టనివారు కూడా రోజుకు వందల బొమ్మలు తయారుచేసి పంపసాగారు. ఏఐ బొమ్మలు అమ్ముకుంటే కూర్చున్నచోటే ఆదాయమని చెప్పే వీడియోలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. వాటిని నమ్మినవారిలో మన సంఘాల యువకులూ ఉండవచ్చు.

పెద్ద సైట్లు మూడూ మూడు దారులు పట్టాయి. గెట్టీ ఇమేజెస్ 2022 సెప్టెంబరులోనే ఏఐ బొమ్మలు వద్దని తలుపు వేసేసింది. షట్టర్‌స్టాక్ బయటివారు పంపే ఏఐ బొమ్మలను తీసుకోదు, కానీ ఓపెన్‌ఏఐతో చేతులు కలిపి తన సైటులోనే బొమ్మలు గీసే యంత్రాన్ని పెట్టింది. అడోబీ స్టాక్ 2022 డిసెంబరులో తలుపు తెరిచింది గానీ గుమ్మం దగ్గర షరతులు పెట్టింది. బొమ్మ యంత్రంతో చేసినదని చెప్పాలి. అందులోని మనుషులు కల్పితమని ఒప్పుకోవాలి. వేరే చిత్రకారుని పేరు వాడి అతని శైలిని దించకూడదు.

ఆ తెరిచిన తలుపు దగ్గరే ఇప్పుడు తిరస్కరణలు పెరుగుతున్నాయని బొమ్మలు పంపేవారు వాపోతున్నారు. కారణాలు చూస్తే ఆశ్చర్యం కలగదు. ఒక చేతికి ఆరు వేళ్లు, చెవిలో కలిసిపోయిన కమ్మ, ఏ భాషకూ చెందని అక్షరాలున్న బోర్డు. చిన్న బొమ్మను సాగదీసి పెద్దది చేస్తే, దగ్గర నుంచి చూసినప్పుడు చర్మం మైనపు ముద్దలా కనిపిస్తుంది. ఒకే ఆజ్ఞతో పుట్టిన యాభై బొమ్మలు కవల పిల్లల్లా ఉంటాయి. అలాంటివి సైటులో ముందే కుప్పలుగా ఉన్నప్పుడు మరో యాభై ఎవరికి కావాలి? కొన్నిటిలో పేరున్న కంపెనీల గుర్తులో, సినిమా పాత్రల పోలికలో దొంగచాటుగా దూరి ఉంటాయి. ఈ కుప్పను జల్లెడ పట్టేసరికి, నిజంగా ఎండలో తిరిగి ఫొటో తీసినవాడు కూడా అదే వరుసలో నిలబడి ఎదురుచూడాల్సి వస్తోంది.

అయితే వేళ్ల లెక్క అసలు సంగతి కాదు. యంత్రాలు రోజురోజుకీ మెరుగవుతున్నాయి, రేపు వేళ్లు సరిగ్గా ఐదే ఉంటాయి. అసలు సంగతి నమ్మకం. 2023 చివర్లో ఇజ్రాయెల్, గాజా యుద్ధం పేరుతో చేసిన ఏఐ బొమ్మలు అడోబీ స్టాక్‌లో అమ్మకానికి కనిపించాయి. సైటులో వాటిపై ఏఐ అన్న గుర్తు ఉంది. కానీ కొన్ని చిన్న వార్తా వెబ్‌సైట్లు ఆ గుర్తు లేకుండానే వాటిని నిజమైన ఫొటోల్లా వేసుకున్నాయి. లోకమంతా కన్నీళ్లతో చూస్తున్న యుద్ధంలో, ఎన్నడూ కూలని ఇల్లు కూలినట్టు, ఎన్నడూ పుట్టని బిడ్డ ఏడ్చినట్టు జనం చూశారు. ఆ తర్వాత, నిజంగా జరిగిన సంఘటనను చూపుతున్నట్టు అర్థం వచ్చే శీర్షికలను ఏఐ బొమ్మలకు పెట్టకూడదని అడోబీ నిబంధన తెచ్చింది. 2024లో ప్రసిద్ధ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ పేరు తగిలించిన ఏఐ బొమ్మలు అదే సైటులో కనబడితే, ఆయన వారసత్వ సంస్థ బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. అడోబీ వాటిని తీసేసింది.

ఇందులో కంపెనీలు నీతిమంతులని, బొమ్మలు పంపినవారు దోషులని అనుకోవడం కూడా తప్పే. బొమ్మలు గీసే ఈ యంత్రాలు నేర్చుకున్నది మనుషులు తీసిన ఫొటోల నుంచే. తమ అనుమతి లేకుండా లక్షల చిత్రాలు వాడుకున్నారంటూ గెట్టీ 2023లో స్టెబిలిటీ ఏఐ మీద బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ కోర్టుకెక్కింది. అడోబీ తన ఫైర్‌ఫ్లై యంత్రానికి ప్రధానంగా తన స్టాక్ చిత్రాలతో శిక్షణ ఇచ్చింది. ఆ శిక్షణ చిత్రాల్లో దాదాపు 5 శాతం వేరే ఏఐ యంత్రాలు గీసినవేనని 2024లో బ్లూమ్‌బెర్గ్ బయటపెట్టింది. ఒకపక్క యంత్రపు బొమ్మలు వద్దని వడకడుతూ, మరోపక్క సొంత యంత్రాన్ని అమ్ముకుంటున్నప్పుడు, మొదట చెమటోడ్చినవాడికి న్యాయమైన కూలి అందిందా అని అడగాలి. పొలం కోసినవారి కూలి బిగబట్టిన యజమానులను యాకోబు పత్రిక ఎంత ఘాటుగా గద్దించిందో మనకు తెలుసు. ఆ గద్దింపు వరిచేలకే పరిమితం కాదు.

ప్రియులారా, ఇది ఎక్కడో కంపెనీల గొడవ అని పక్కన పెట్టలేం. 2024లో ఫేస్‌బుక్‌లో రొయ్యలతో చేసిన యేసు బొమ్మలు తిరిగిన సంగతి కొందరికి గుర్తుండే ఉంటుంది. విచిత్రమైన ఆ ఏఐ బొమ్మల కింద ఎంతోమంది ఆమేన్ అని రాశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఏడాది ఇలాంటి బొమ్మలు పెట్టే 120 ఫేస్‌బుక్ పేజీలను పరిశీలించారు. కొన్ని పేజీలు జనాన్ని పోగుచేసుకోవడానికి, కొన్ని మోసానికి ఈ బొమ్మలు వాడుతున్నాయని చెప్పారు. అమ్మేవాడు తిరస్కరించిన సరుకును మనం ఆమేన్ అని స్వీకరిస్తున్నామంటే ఆలోచించుకోవాలి.

ఏఐతో బొమ్మ గీయించడమే పాపమని ఈ పేజీ అనదు. డబ్బులేని చిన్న సంఘానికి పండుగ కరపత్రం మీద ఒక నక్షత్రం, ఒక దీపం కావాలంటే యంత్రం సాయం తీసుకోవచ్చు. అది అలంకారమని చూసినవాడికి తెలుసు. కానీ వరద బాధితులకు బియ్యం పంచామని రాసి, పక్కన యంత్రం గీసిన తడిసిన ముఖాలు వేస్తే అది అలంకారం కాదు, సాక్ష్యం. అనాథ పిల్లల పేరుతో కానుకలు అడుగుతూ లేని పిల్లవాడి కళ్లు చూపిస్తే, తొమ్మిదవ ఆజ్ఞ దగ్గరకు వచ్చేశామన్నమాట. దాత చెయ్యి చాచేది ఆ కళ్లను నమ్మి.

మెదక్ చర్చినే తీసుకోండి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరాన్ని, కరవు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించారు. ఎత్తైన గోపురంతో అంతకంటే అందమైన చర్చిని యంత్రం అరనిమిషంలో గీసివ్వగలదు. ఆ బొమ్మలో రాయి మోసిన చెయ్యి ఒక్కటీ ఉండదు, దాని వల్ల ఆ పూట ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. నిజమైన ఫొటోలో రాయి మీద మరక ఉన్నా, దాని వెనుక ఒక సాక్షి ఉన్నాడు.

కాబట్టి సంఘాలు మూడు చిన్న అలవాట్లు చేసుకుంటే చాలు. యంత్రంతో చేసిన బొమ్మ వాడితే కింద ఆ మాట రాయండి. సేవ గురించి, కానుకల గురించి చెప్పేచోట నిజమైన ఫొటోనే, అందులో ఉన్నవారి అనుమతితో వేయండి, లేకపోతే బొమ్మ లేకుండానే రాయండి. సంఘంలో ఫొటోలు తీసే, బొమ్మలు వేసే పిల్లలుంటే పని వారికే ఇచ్చి, దానికి తగిన కూలి కూడా ఇవ్వండి. ఏఐ బొమ్మలు అమ్మి సంపాదిద్దామనుకునే యువకులకు, ఆ కష్టంలో సగం పెట్టి ఒక నిజమైన పని నేర్చుకోమని చెప్పండి.

అంగడివాడు లాభం పోతుందన్న భయంతో వడకడుతున్నాడు. మనం వడకట్టాల్సింది సత్యం కోసం. ఈసారి ఫ్లెక్సీ షాపుకు వెళ్లినప్పుడు ఆ తమ్ముణ్ణి ఒక్క మాట అడగండి: ఈ బొమ్మ ఎక్కడిది, బాబూ?