200 వస్తే పని అయిపోయినట్టేనా?

"సీఆర్ఎంతో ఇంటిగ్రేషన్ అయిపోయింది" అని స్టేటస్ మీటింగులో ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏం అయిపోయిందండీ? అటు నుంచి ఒక రికార్డు వచ్చింది, మన సర్వర్ 200 అని జవాబిచ్చింది, డెమోలో పచ్చ టిక్కు కనబడింది, క్లయింటు సంతోషించాడు. అంతేగా! దాన్ని పైపు వేయడం అంటారు. అందులో నీళ్ళొస్తాయా, వస్తే ఎవరి బిందెలో పడతాయి అన్న సంగతి ఇంకా మొదలే కాలేదు.

కొన్నేళ్ళ క్రితం మేం చేసిన ఒక ప్రాజెక్టు చెప్తాను. ఇళ్ళకి వైద్య పరికరాలు అద్దెకిచ్చే కంపెనీ. ఫిర్యాదు వాళ్ళ సీఆర్ఎంలో నమోదవుతుంది, టెక్నీషియన్ని పంపే పని మా వర్క్‌ఫ్లోది. మెసేజ్ రాగానే మెమరీలో ఉన్న క్యూలో పడేసి, వెంటనే 200 ఇచ్చేసేది మా కోడ్. రాసింది నేనే, దాపరికం ఎందుకు. ఒక శనివారం రాత్రి ప్యాచ్ కోసం సర్వర్ రీస్టార్ట్ చేశాం. క్యూలో ఉన్నవన్నీ గాల్లో కలిసిపోయాయి. సీఆర్ఎం లెక్కలో అవి పంపేసినవి. మా లెక్కలో అసలు రానేలేదు.

అందులో ఒకటి, ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఆగిపోయిన ఒక పెద్దాయన ఇంటిది. ఆయన కొడుకు మూడుసార్లు ఫోన్ చేశాడట. కాల్ సెంటర్ అమ్మాయి మూడుసార్లూ స్క్రీన్ చూసి "ప్రాసెస్‌లో ఉంది సార్" అంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, మేం చెప్పించాం. వాళ్ళెక్కడో సిలిండర్ సంపాదించుకున్నారు కాబట్టి సరిపోయింది.

మాది శ్రీరాంపూర్. బాపు సింగరేణిలో బాయి పని చేసి రిటైరయ్యాడు. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు ఈ గొడవంతా చెప్తే ఆయన ఒకటే అడిగాడు: "మీకాడ లాంప్ రూం లేదారా?"

అప్పుడు నవ్వాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. బాయిలకి దిగేవాడు తన నంబరు క్యాప్ లాంపు తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక అదే నంబరు దగ్గర ఛార్జింగుకి పెడతాడు. షిఫ్ట్ అయ్యాక ఒక నంబరు ఖాళీగా కనబడిందంటే, ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క. "వచ్చే ఉంటాడులే" అనుకుని ఎవరూ ఇంటికి పోరు. అలాగే సర్దార్ దిగిపోయేముందు రూఫ్ ఎక్కడ బాలేదో, గ్యాస్ ఎక్కడ ఉందో రాసి సంతకం పెడతాడు. తర్వాతి షిఫ్ట్ సర్దార్ అది చదివి తన సంతకం పెడతాడు. ఇచ్చినవాడి సంతకం ఒక్కటే చాలదు, పుచ్చుకున్నవాడిదీ కావాలి.

మరి మన దగ్గర? సేల్స్‌ఫోర్స్ సంగతే తీసుకోండి. దాని అవుట్‌బౌండ్ మెసేజ్‌కి జవాబు రాకపోతే 24 గంటల దాకా మళ్ళీ మళ్ళీ పంపుతుంది. మంచిదే. కానీ అందుకే ఒకే మెసేజ్ రెండుసార్లు రావచ్చు, వరస తప్పి కూడా రావచ్చు. నోటిఫికేషన్ ఐడీ చూసి రెండోదాన్ని వదిలేయకపోతే ఒకే ఇంటికి ఇద్దరు టెక్నీషియన్లు పోతారు. ఇక రికార్డు ఐడీలు. 15 అక్షరాల ఐడీలో కేపిటల్ లెటర్‌కీ స్మాల్ లెటర్‌కీ తేడా ఉంటుంది. ఆ తేడా చూడని డేటాబేస్ కాలమ్‌లో దాన్ని పెట్టారంటే, ఇద్దరు కస్టమర్లు ఒక్కరైపోయే ప్రమాదం ఉంది. అందుకే 18 అక్షరాల ఐడీ కూడా ఇచ్చారు. ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో ఉన్నవే. మనం చదవం. కనెక్టర్ కొన్నాం కదా :-)

"ఆ బాధలన్నీ మిడిల్‌వేర్ చూసుకుంటుంది" అంటారు కొందరు. మ్యూల్‌సాఫ్ట్ పెట్టుకోండి, జేపియర్ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అవి మోస్తాయి, మళ్ళీ ప్రయత్నిస్తాయి, లాగ్ రాస్తాయి. కానీ కస్టమర్ అడ్రస్ రెండు చోట్లా మారితే ఏది నిజమో, ఫిర్యాదుని క్లోజ్ చేసే హక్కు ఎవరిదో అవి తేల్చలేవు. అది మనుషులు కూర్చుని తేల్చుకోవాలి. ఆ మీటింగ్ పెట్టాలంటే అందరికీ బద్ధకం, ఎందుకంటే అందులో రెండు డిపార్ట్‌మెంట్లు కొట్టుకుంటాయి. అందుకని ఆ తగువు తీసుకొచ్చి కోడ్‌లో పాతిపెడతాం.

నేనడిగేవి పెద్ద కోరికలేం కావు. మెసేజ్ డిస్క్ మీదికెక్కాకే 200 ఇవ్వండి. వర్క్‌ఫ్లో తన నంబరు వెనక్కి పంపేదాకా సీఆర్ఎం స్క్రీన్ మీద "ప్రాసెస్‌లో ఉంది" అని చూపించకండి, "ఇంకా అందలేదు" అనే చూపించండి. ప్రతి ఫీల్డుకీ ఒక్క సొంతదారుణ్ణి పెట్టండి. రోజూ రాత్రి అటు ఎన్ని పంపారు, ఇటు ఎన్ని అందాయి, తేలని నంబర్లేవి అని లెక్క తీయండి.

ఖర్చంటారా? క్వెరీ రాయడానికి ఒకట్రెండు రోజులు. అసలు ఖర్చు, పొద్దున్నే ఆ లిస్టు చూసే మనిషిది. ఒప్పుకుంటాను. లాంప్ రూంలోనూ జీతమిచ్చి మనిషిని పెట్టారు మరి.

మీ ప్రాజెక్టులో నిన్న రాత్రి ఎన్ని లాంపులు తిరిగి రాలేదో ఇప్పుడు చెప్పగలరా? చెప్పలేకపోతే దయచేసి "అయిపోయింది" అనకండి.