సెప్పి ఒగ్గెయ్

ముందే చెప్పేస్తున్నా, ఈ వారం కాలమ్‌లో హీరో నేను కాదు.

మార్చి నెలాఖర్లో ఒక మంగళవారం, పొద్దున్న ఆరున్నర. విశాఖలో మా గ్రూప్ ఫిట్‌నెస్ క్లాసు. పన్నెండు మందిమి, నాలుగు బార్లు. ఒక్కో బార్‌కి ముగ్గురు. ఒకరు ఎత్తుతుంటే ఇంకొకరు తల దగ్గర నిలబడి కాపు కాయాలి, మూడోవాళ్లు ఊపిరి తీసుకోవాలి. ఆ రోజు బెంచ్ ప్రెస్. మా మూడోవాడు డుమ్మా. మిగిలింది నేనూ, బ్యాంకులో పనిచేసే ఒక అన్నా. అన్నకి నలభై దాటాయి. ఆర్నెల్ల కింద ఖాళీ బార్‌తో మొదలుపెట్టి, రెండున్నర కిలోలు, రెండున్నర కిలోలు కలుపుకుంటూ 75 కిలోల దాకా వచ్చాడు. ఆ రోజు దాన్ని ఐదు సార్లు ఎత్తాలి. స్పాటర్ని నేను.

రెండో రెప్ దగ్గర నా జేబులో ఫోన్ వణికింది. ఆ వారం ఆఫీసులో ఆన్‌కాల్ నాదే. రాత్రి పెట్టిన రిలీజ్ ఏమైనా పడిపోయిందేమో అని తీసి చూశాను. ఏమీ పడిపోలేదు. టీమ్ గ్రూపులో ఎవరిదో బర్త్‌డే, ఎవరో కేకు బొమ్మ పెట్టారు. తల ఎత్తేసరికి బార్ అన్న ఛాతీ మీద ఉంది.

ఆయన పిలిచాడట. పాటల హోరులో నాకు వినపడలేదు. నేను వంగి పట్టుకునే లోపే ఆయన బార్‌ని ఒక పక్కకి వంచేశాడు. మేం క్లిప్పులు పెట్టుకోలేదు, ఒట్టి బద్ధకంతో. ఆ బద్ధకమే కాపాడింది. ఒక పక్క ప్లేట్లు జారి నేల మీద పడ్డాయి, వెంటనే రెండో పక్క బరువెక్కువై బార్ అటు తిరగబడింది. ఆ చప్పుడుకి క్లాసంతా ఆగిపోయింది.

కోచ్ పరిగెత్తుకొచ్చి "ఏమైంది?" అన్నాడు.

"చెయ్యి జారింది" అన్నాడు అన్న. నా వైపు చూడలేదు. నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. నోరు కూడా ఎత్తలేదు.

ఎముక విరగలేదు. పక్కటెముకల మీద బాగా కమిలింది. మూడు వారాలు బరువుల జోలికి వెళ్లొద్దని డాక్టరు చెప్పాడట. ఇది నాకు ఆయన చెప్పలేదు, క్లాసు గ్రూపులో చదివాను. కింద పన్నెండు మంది "గెట్ వెల్ సూన్" పెట్టారు. అందులో నేనూ ఒకణ్ని. సిగ్గు లేకుండా పూల బొమ్మ కూడా పెట్టాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. అప్పటిదాకా క్లాసులో నా బిల్డప్ మామూలుగా ఉండేది కాదు. "మాది శ్రీకాకుళం జిల్లా, బరువులెత్తడం మాకు ఒకరు నేర్పక్కర్లేదు" అనేవాణ్ని. మాట అబద్ధమేం కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. 130 కిలోలంటే రెండున్నర సిమెంటు బస్తాలకి పైమాటే. చివరి ప్రయత్నంలో 137.5 అడిగింది, అది నిలబడలేదు. బంగారం, వెండి గెలిచిన ఇద్దరి మొత్తమూ 242.5 కిలోలే. అంటే ఆవిడకీ బంగారానికీ మధ్య ఉన్నది రెండు పక్కలా తగిలించే చిన్న ప్లేట్ల తేడా. ఆ ఇంట్లో ఆవిడొక్కతే కాదు, అక్కచెల్లెళ్లు కూడా బార్ పట్టినవాళ్లే. విజయనగరం వైపు వెళ్తే నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. బంగారం గెలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో సంతోషి పతకం వెండి అయింది. ఇంకా వెనక్కి వెళ్తే వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఉండనే ఉన్నాడు. కలియుగ భీముడు. శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది.

ఇంత వంశచరిత్ర చెప్పుకున్నవాణ్ని, ఒక మనిషి తల దగ్గర రెండు నిమిషాలు సరిగ్గా నిలబడలేకపోయాను.

మల్లీశ్వరి ఎత్తిన ఎత్తులకీ, మేం క్లాసులో చేసేవాటికీ ఒక తేడా ఉంది. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌లకి స్పాటర్ ఉండడు, ఉండకూడదు కూడా. ఎత్తలేకపోతే బార్‌ని వదిలేసి తప్పుకోవడమే, ప్లేట్లు రబ్బరువి కాబట్టి నేల మీద పడి ఎగురుతాయి. దగ్గరికి సాయానికి వెళ్లినవాడికే ప్రమాదం. డెడ్‌లిఫ్ట్ కూడా అంతే, బార్ నేల మీంచే లేస్తుంది, నేల మీదికే పోతుంది. బెంచ్ ప్రెస్, స్క్వాట్ అలా కాదు. వాటిలో మనిషి బరువు కింద ఉంటాడు. అందుకే పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో ఈ రెండింటికీ స్పాటర్లని పెడతారు. లిఫ్ట్ మధ్యలో స్పాటర్ సాయంగా చెయ్యి వేస్తే ఆ లిఫ్ట్ చెల్లదు. అంటే స్పాటర్ పని ఎత్తడం కాదు, చూడటం. చేతులు బార్ కింద సిద్ధంగా పెట్టుకుని, అవసరం వచ్చేదాకా ముట్టకుండా చూస్తూనే ఉండటం. ఎన్ని రెప్స్ కొడతావు, స్టాండు మీంచి తీసివ్వాలా, ఎక్కడ ఆగితే పట్టుకోమంటావు అని ముందే అడగాలి. నేను ఈ మూడూ అడిగాను. ఆ తర్వాత ఫోన్ చూసుకున్నాను.

ఏప్రిల్ రెండో వారంలో ఊరెళ్లాను. మాది భావనపాడు, సంతబొమ్మాళి మండలం. నౌపడలో రైలు దిగితే ఉప్పు మడులు, ఆ తర్వాత ఆటో, ఆ తర్వాత సముద్రం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. అందుకని ఆ ముందురోజుల్లో తెప్పల్ని అలలు అందనంత పైకి చేర్చేస్తారు. పేరు తెప్పే గానీ ఇప్పుడన్నీ ఫైబర్‌వి. ఇంజను విప్పి, వలలు దించి ఖాళీ చేసినా ఇసకలో అది ఏనుగే. కొన్ని చోట్ల ట్రాక్టరు కట్టి లాగేస్తున్నారు. మా చిన్నాన్న వాళ్లు మాత్రం ఇంకా కర్రలు అడ్డం కట్టి, పన్నెండు మంది భుజం పెట్టి, పది అడుగులు మోసి, దించి, మళ్లీ ఎత్తుకుంటారు.

"రారా జిమ్ములోడా" అన్నాడు చిన్నాన్న. వెళ్లి ఒక కర్ర కింద భుజం పెట్టాను.

నిజం చెప్పనా? జిమ్ములో వంద కిలోల డెడ్‌లిఫ్ట్ చేసేవాణ్ని మూడో విడతకే వణికిపోయాను. బార్‌కి ముడి ఉండదు, అది ఎటూ వాలదు. తెప్ప అలా కాదు, ఎదుటివాడు ఒక అంగుళం కుంగితే ఆ బరువు చెప్పకుండా నా మెడ మీదికి వచ్చేస్తుంది. ఇసకలో కాలు దిగబడుతుంది. ముందున్నవాడు హైలెస్సా అన్నప్పుడే అందరి మోకాళ్లూ లేవాలి. నేను సగం సెకను లేటు. పక్కన అరవై ఏళ్ల తాత "ఒరే, పాట ఇను, కర్రని సూడకు" అని కసిరాడు.

నాలుగో విడతలో భుజం ఇక పట్టదనిపించింది. పళ్లు బిగించి నిలబడ్డాను, పరువు కదా. చిన్నాన్నకి నా మొహం కనిపించినట్టుంది, "దించండ్రా!" అని అరిచాడు. అందరూ దించేశారు. నీడకి వెళ్లి కూర్చున్నాక చెప్పాడు.

"ఒగ్గీడం తప్పు కాదురా. సెప్పకుండా ఒగ్గీడం తప్పు. నా వల్ల కాదు, దించండి అంటే పన్నెండు మందీ దించుతారు. ఎవుడూ ఏటీ అనడు. పరువుకి పోయి బిగబట్టి, సట్టున ఒగ్గేసావనుకో, ఇదుగో."

చొక్కా పక్కకి లాగి చూపించాడు. కుడివైపు భుజం పైన ఎముక చిన్న గుబ్బలా పైకి లేచి ఉంటుంది ఆయనకి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, పుట్టుకతో అంతే అనుకున్నాను. నేను పుట్టకముందు ఇలాగే ఒకడు చెప్పకుండా వదిలేస్తే వాడి వాటా బరువంతా ఈయన మీద పడిందట.

"ఎవరు చిన్నాన్నా?"

"నీకెందుకురా. ఆడికి తెలుసు."

ఆ "ఆడు" ఊళ్లోనే ఉన్నాడని, బహుశా ఆ రోజు కర్ర కింద కూడా ఉన్నాడని నా అనుమానం. అక్కడున్న పన్నెండు మంది మొహాలూ చూశాను. ఎవరి మొహంలోనూ ఏమీ కనిపించలేదు.

రాత్రి డాబా మీద పడుకుని ఇంజనీర్ బుద్ధి కొద్దీ దీనికేమైనా లెక్క ఉందేమో అని వెతికాను. ఉంది. 1880ల్లో ఫ్రాన్సులో మాక్స్ రింగెల్‌మాన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు. ఒంటరిగా ఒకడు లాగేది 100 అనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగేటప్పుడు ఒక్కొక్కడి వాటా 49కి పడిపోయింది. సగం! అందరూ ఒకే క్షణంలో లాగకపోవడం ఒక కారణం. మా హైలెస్సా ఉన్నది ఆ రోగానికే. రెండో కారణం, ఎలాగూ పక్కవాడు లాగుతున్నాడులే అనుకోవడం. 1974లో కొందరు పరిశోధకులు దీన్ని విడిగా పట్టుకున్నారు. మనిషికి కళ్లకు గంతలు కట్టి, నీ వెనకాల ఇంకా కొందరున్నారని చెప్పారు. నిజానికి లాగేది అతనొక్కడే. అయినా తక్కువ లాగాడు.

దీనికి తిరగబడ్డ లెక్క కూడా ఉంది. 1920ల్లో ఒట్టో కోలర్ అనే జర్మన్ సైకాలజిస్టు బెర్లిన్‌లో పడవ పోటీల క్లబ్బువాళ్ల చేత జంటలుగా బరువు ఎత్తించాడు. ఇద్దరిలో ఒకడు ఆపేస్తే రెండోవాడు కూడా ఆపాల్సిందే, అలా పెట్టాడు. అప్పుడు బలహీనుడు ఒంటరిగా చేసినదానికన్నా ఎక్కువసేపు చేశాడు. ఇద్దరి బలంలో తేడా మరీ ఎక్కువ కాకుండా, మరీ సమానంగా లేకుండా ఉంటే ఇది ఇంకా బాగా పనిచేసింది. గ్రూప్ క్లాసులో మనం ఒంటరిగా ఎత్తలేనిది ఎందుకు ఎత్తుతామో నాకు అప్పుడు అర్థమైంది. కోచ్ మనల్ని ముగ్గురు ముగ్గురుగా ఎందుకు కడతాడో కూడా. బ్యాంకు అన్న 75 దాకా రావడంలో నా వాటా కొంత ఉండే ఉంటుంది. పక్కన నేను 85 కొడుతుంటే ఆయనకి ఆపబుద్ధి కాదు. కానీ ఆ రోజు ఆయన బెంచ్ మీద పడుకున్నది వెనకాల నేనున్నానన్న లెక్కతోనే. మా ఆఫీసులో ఒక సర్వర్ పడితే ఎత్తుకోవడానికి ఇంకో మూడు ఉంటాయి. అక్కడ ఆయనకి ఉన్నది నేనొక్కణ్నే.

విశాఖ తిరిగొచ్చాక ముందు కోచ్ దగ్గరికి వెళ్లాను. చెయ్యి జారలేదు, నేను ఫోన్ చూస్తున్నాను అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "తెలుసు. కెమెరా ఉంది కదా" అన్నాడు. "నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా." ఆ తర్వాత నెల రోజులు నన్ను ఎవరికీ స్పాట్ చెయ్యనివ్వలేదు. ప్లేట్లు మార్చడం, నేల తుడవడం. ఫోన్లు పెట్టుకోడానికి తలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ బుట్ట వచ్చింది. దానికి నా పేరు పెట్టారు మావాళ్లు, ఇప్పటికీ అదే పేరు.

అన్నకి ఫోన్ చేద్దామనుకుని ఐదారుసార్లు ఆగిపోయాను. చివరికి ఆయన పనిచేసే బ్రాంచికే వెళ్లాను, లంచ్ టైములో. క్యూలో నిలబడ్డాను, టోకెన్ తీసుకుని మరీ. నా వంతు వచ్చాక గ్లాసు వెనక నుంచి చూసి "డిపాజిట్టా, విత్‌డ్రాయలా?" అన్నాడు.

"సారీ అన్నా. ఆ రోజు నేను..."

"చూశాను తమ్ముడూ. కింద పడుకుంటే నీ మొహమే కనిపిస్తుంది కదా నాకు. స్క్రీన్ వెలుతురు పడుతోంది నీ మొహం మీద." కాసేపాగి, "వెనక చాలామంది ఉన్నారు, జరుగు" అన్నాడు.

అంతే. ఆయన క్షమించాడో లేదో నాకు అర్థం కాలేదు.

అన్న మేలో మళ్లీ క్లాసుకి వచ్చాడు. మొదటి రోజు వేరే బార్ దగ్గరికి వెళ్లాడు, నాకు చెప్పక్కర్లేదని నేనూ అడగలేదు. రెండు వారాలు అలాగే గడిచింది. మొన్న శుక్రవారం వాళ్ల ముగ్గురిలో ఇద్దరు రాలేదు. 50 కిలోలు వేసుకుని బెంచ్ మీద కూర్చున్నాడు. చుట్టూ చూశాడు. నేను నేల తుడిచే గుడ్డతో నిలబడి ఉన్నాను.

"తమ్ముడూ, ఫోనెక్కడ?"

"బుట్టలో అన్నా."

కోచ్ వైపు చూశాను. ఆయన తల ఊపాడు. గుడ్డ పక్కన పడేసి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెళ్లి తల దగ్గర నిలబడ్డాను. ఎన్ని రెప్స్ అని అడిగాను. ఎనిమిది అన్నాడు. ఎక్కడ ఆగితే పట్టుకోమంటావు అన్నాను.

"ఆగితే నేనే చెప్తాను. నీకు చేతకాకపోతే నువ్వు చెప్పు" అని పడుకుని బార్ పట్టుకున్నాడు.