‘ఊఁ’ అన్నా ఒప్పందమే

ఫేస్‌బుక్‌లో చీరలు అమ్మే పేజీ ఏది తెరిచినా ధర, రంగు, జాకెట్టు ముక్క వివరాలన్నీ అయ్యాక అడుగున ఒక వాక్యం కనిపిస్తుంది: ‘పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తప్పనిసరి’. కత్తెర పెట్టకముందు మొదలుపెట్టి చీర మడతలన్నీ విప్పేదాకా, మధ్యలో ఎక్కడా ఆపకుండా తీసిన వీడియో ఉండాలి. అది ఉంటేనే చిరుగనో మరకనో చెప్పే ఫిర్యాదు చెవిన పెడతారు. పదేళ్ళలో తెలుగునాట చిన్న వ్యాపారం మాట్లాడే తీరు ఎంత మారిందో తెలియడానికి ఆ ఒక్క షరతు చాలు.

బట్టల కొట్టులో అలాంటి షరతు ఎవరూ పెట్టలేదు. తెల్ల దుప్పటి పరిచిన పరుపు, దాని మీద గుట్టగా చీరలు, అంచు పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూసే చెయ్యి, మిగతాదంతా నోటిమాట. ‘మీకు కాబట్టి ఇస్తున్నా’, ‘రంగు దిగితే నా దగ్గరికి రండి’ అన్న మాటలు అక్కడికక్కడే గాలిలో కలిసిపోయేవి. రంగు దిగితే మనిషి తిరిగి వెళ్ళేవాడు. కొట్టు అక్కడే ఉండటం, అమ్మినవాడి మొహం గుర్తుండటం, అదే ఆ మాటకు పూచీ. వ్యాపారం ఫోనులోకి వచ్చినా ఆ మాటలు పోలేదు. ‘అక్కా’ అనే పిలుపు కూడా పోలేదు. కాకపోతే అన్నమాట ఇప్పుడు చెరగడం లేదు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ కబుర్లాడుకుంటున్నట్టే ఉంటారు, కానీ వేలు కదిలినప్పుడల్లా ఒక దస్తావేజు తయారవుతూనే ఉంటుంది. ఈ సంగతి చాలామందికి గొడవ వచ్చేదాకా తెలియదు.

కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక రైతుకు అలాగే తెలిసింది. 2021 మార్చిలో ధాన్యం కొనే సంస్థ ప్రతినిధి ఒకరు అవిసె గింజల కొనుగోలు పత్రం మీద సంతకం చేసి, ఫోటో తీసి ఆ రైతుకు పంపారు. ఖాయం చేయమని కింద ఒక లైను రాశారు. రైతు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. నవంబరు వచ్చింది, గింజలు రాలేదు. ఈలోగా ధర బాగా పెరిగింది. పత్రం అందిందని చెప్పడానికే బొమ్మ పెట్టాను తప్ప షరతులకు ఒప్పుకుని కాదని రైతు వాదించాడు. కోర్టు పాత సందేశాలు తిరగేసింది. అంతకుముందు ఇలాంటి పత్రాలు వచ్చినప్పుడు అతను ‘ఓకే’ అనో ‘బాగుంది’ అనో ఒక ముక్క పంపి, గడువుకు గింజలు తోలినట్టు తేలింది. ఆ అలవాటును బట్టి బొటనవేలి బొమ్మ సంతకంతో సమానమని 2023లో తీర్పు వచ్చింది. రైతు కట్టాల్సింది 82 వేల కెనడా డాలర్ల పైమాటే. 2024 డిసెంబరులో పై కోర్టూ దాన్నే ఖరారు చేసింది.

ఈ కేసు తెలుగువాళ్ళకు ఒక మాటతో అర్థమవుతుంది. మనం కథ వింటూ ఊఁ కొడతాం. ఆ ఊఁకు ‘వింటున్నాను, చెప్పు’ అని అర్థం. పెళ్ళి మాటల్లో పెద్దాయన ఊఁ అంటే సంబంధం ఖాయమైనట్టే. రెండు ఊఁలకూ తేడా గొంతులో ఉంటుంది, మొహంలో ఉంటుంది, ఎవరి ఎదుట కూర్చున్నామన్న దానిలో ఉంటుంది. ఫోనులో ఆ తేడా చెప్పే గొంతూ మొహమూ ఉండవు. వేలిముద్ర వేయడానికి పదిసార్లు ఆలోచించే మనిషే బొటనవేలి బొమ్మను ఆలోచించకుండా పంపేస్తాడు.

మన దగ్గర ఇలాంటిది జరగదని అనుకోవడానికి లేదు. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది. బాక్సైట్ సరఫరా మీద రెండు సంస్థల మధ్య నడిచిన ట్రైమెక్స్, వేదాంత కేసులో సుప్రీంకోర్టు 2010లో, ఈమెయిళ్ళలో షరతులు కుదిరాక లాంఛనంగా పత్రం రాసుకోలేదన్న సాకు పనికిరాదని తేల్చింది. 2018లో బొంబాయి హైకోర్టు మరో అడుగు వేసింది. క్రెడిట్ కార్డు బాకీ కేసులో నోటీసు తీసుకోకుండా తప్పించుకు తిరుగుతున్న వ్యక్తికి దాన్ని వాట్సాప్‌లో పంపితే, తెరిచి చూసినట్టు గుర్తులు కనిపించాయి కాబట్టి అందినట్టేనని చెప్పింది. వాట్సాప్ 2014లో తెచ్చిన నీలం టిక్కులు స్నేహితుల మధ్య అలకలకే కారణమవుతాయని అప్పట్లో అనిపించింది. నాలుగేళ్ళు తిరగకుండానే అవి కోర్టు కాగితాల్లోకెక్కాయి.

ఈ వేగానికి కారణాలు తెలిసినవే. 2016 ఏప్రిల్‌లో యూపీఐ, సెప్టెంబరులో జియో చవక డేటా, 2018 జనవరిలో వాట్సాప్ బిజినెస్ యాప్ వచ్చాయి. రెండేళ్ళలోనే కొట్టు, గల్లా పెట్టె, చిరునామా పుస్తకం ఒకే ఫోనులో సర్దుకున్నాయి.

లాభాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. పోచంపల్లి, పుట్టపాక మగ్గాల మీద నేసిన ఇక్కత్‌నే చూడండి. నేతకు ముందే నూలుకు చిటికి (ముడులు) కట్టి రంగులు అద్దుతారు కాబట్టి ఆ బట్టలో డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అచ్చు కొట్టిన నకిలీలో వెనకవైపు వెలవెలబోతుంది. ఫోటోలో ఈ తేడా తెలియదు. నకిలీలు ఫోటోల్లో దర్జాగా చెల్లిపోవడానికి కారణం అదే. వీడియో కాల్‌లో మాత్రం ‘ఒకసారి తిరగేసి చూపించండి’ అంటే గుట్టు తేలిపోతుంది. డల్లాస్‌లో రాత్రి భోజనాలయ్యాక ఒక తెలుగు ఇల్లాలు అడిగితే, ఇక్కడ పొద్దున పూట మగ్గం దగ్గర కూర్చున్న నేతగాడు అంచు తిప్పి చూపిస్తాడు, కొంగు పరిచి చూపిస్తాడు. మధ్యలో షావుకారు ఉండడు. తన పనితనం గురించి తన నోటితో చెప్పుకునే అవకాశం చేనేత చరిత్రలో నేతగాడికి దక్కింది చాలా తక్కువ. ఇది నిజంగా గొప్ప మార్పు.

అయితే ఎదుటివాళ్ళ ముందు పెట్టే రుజువునే నకిలీ చేస్తే ఏమవుతుందో కిరాణా కొట్లు చూశాయి. డబ్బు పంపినట్టు ఉత్తుత్తి స్క్రీన్‌షాట్ చూపించి సరుకు పట్టుకుపోయేవాళ్ళు ఎక్కువయ్యాక, కౌంటర్ల మీదికి మాట్లాడే డబ్బాలు వచ్చాయి. ఫలానా రూపాయలు అందాయని డబ్బా తెలుగులో పైకి చెబితేనే సరుకు చేతికిస్తారు. తర్వాత ఒక కంపెనీ ఆ డబ్బాకు మహేశ్‌బాబు గొంతు కూడా తొడిగింది. కళ్ళతో చూసినదాన్ని నమ్మలేక అంగడి మళ్ళీ చెవిని ఆశ్రయించిందన్నమాట.

చెవిని నమ్ముకున్నా చిక్కులు పోలేదు. టైపు చేయడం రానివాళ్ళకు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం చిరాకనిపించేవాళ్ళకు వాయిస్ మెసేజ్ ఒక వరం. వంట చేస్తూనో దారం చుడుతూనో జవాబివ్వచ్చు. అయితే 2025 ఏప్రిల్‌లో అదే గొంతు ఒక పచ్చళ్ళ వ్యాపారాన్ని కుదిపేసింది. ధర ఇంత ఎక్కువా అని వాట్సాప్‌లో అడిగిన వ్యక్తికి అమ్మేవాళ్ళ వైపు నుంచి బూతులతో ఒక ఆడియో వెళ్ళింది. అది బయటికి పొక్కి, తెలుగువాళ్ళున్న ప్రతి దేశంలోనూ మోగింది. రేటు దగ్గర కొట్లాట అంగడికి కొత్తేమీ కాదు. రైతుబజారులో రోజూ అంతకన్నా పెద్ద మాటలే దొర్లుతాయి, సాయంత్రానికి ఇద్దరూ మరిచిపోతారు. ఇక్కడ ఒక మనిషికి చెప్పిన మాటను లక్షలమంది విన్నారు. ఆ కొనుగోలుదారుకు జరిగింది అవమానమే, దానికి బదులు చెప్పాల్సిందే. కానీ ఆ తర్వాత ఆ వ్యాపారం నడిపే ఆడపిల్లల మీద వారాల తరబడి సాగిన వెక్కిరింత చేసిన తప్పుకు ఎన్నో రెట్లు పెద్ద శిక్ష.

పెద్ద సంస్థలకు ఈ ప్రమాదం ఉండదు. వాటి తరఫున మాట్లాడేది వకీళ్ళు సరిచూసిన వాక్యం. అందుకే బ్యాంకు నుంచి వచ్చే తెలుగు సందేశంలో డబ్బు ‘డెబిట్ చేయబడినది’, అభ్యర్థన ‘స్వీకరించబడినది’. చేసినవాడెవడో ఆ వాక్యంలో కనిపించడు. తప్పు జరిగినా పట్టుకోవడానికి ఆ వాక్యం వెనక మనిషి దొరకడు. ఈ తెలుగు నేర్చుకోవాలని చిన్న వ్యాపారులకు ఎవరూ సలహా ఇవ్వకూడదు. ‘అక్కా, డబ్బులొచ్చాయి, రేపు పంపిస్తా’ అన్నదే మంచి తెలుగు, చట్టం దృష్టిలో అది కూడా రాతే. దానికి రంగు, ధర, ఎన్ని రోజుల్లో వాపసు తీసుకుంటారు, కొరియర్ ఖర్చు ఎవరిది అన్న నాలుగు ముక్కలు, అదే భాషలో, డబ్బు తీసుకోకముందే జోడించడం నేర్పాలి. చేనేత సహకార సంఘాల్లో ఆన్‌లైన్ అమ్మకాల మీద శిక్షణ అంటే ఫోటో బాగా తీయడం, హ్యాష్‌ట్యాగ్ పెట్టడం దగ్గరే ఆగిపోకూడదు.

ఇంతా చేసి ఈ దస్తావేజులు ఉండేది ఎవరి బీరువాలో? 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఆరు గంటల పాటు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు చాలామందికి ఈ ప్రశ్న తట్టింది. తెల్లారేసరికి అన్నీ తిరిగొచ్చాయి, ప్రశ్న మరుగున పడింది. వాట్సాప్ మన దేశంలో నెలనెలా లక్షల ఖాతాలు మూసేస్తున్నట్టు తన నివేదికల్లోనే చెబుతుంది. అందులో మోసగాళ్ళవి చాలా ఉంటాయి, మూయాల్సిందే. ఒకే సందేశం వందలమందికి పంపడాన్ని యంత్రం అనుమానిస్తుంది. కొత్త చీరల ఫోటోలు పాత ఖాతాదారులందరికీ పంపడం కూడా దాని లెక్కలో అలాంటిదే. నంబరు పోతే దానితోపాటే ఆర్డర్లూ బాకీలూ కుదిరిన షరతులూ పోతాయి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనేవారికి ఒక మంచి హక్కు ఇచ్చింది. వస్తువు ఎక్కడ కొన్నా, తాము ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసుకోవచ్చు. అంతకన్నా ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే గోడు చెప్పుకోవచ్చు. ఢిల్లీలో ఉన్నవారు అక్కడే కేసు వేస్తే పుట్టపాక నేతగాడు ఢిల్లీ కమిషన్‌కే జవాబివ్వాలి. కొన్నవారి చేతిలో పార్సిల్ విప్పిన వీడియో ఉంటుంది, అతను పెట్టమన్నదే. తానేం చెప్పి అమ్మాడో చూపించడానికి అతను వెతకాల్సింది కిందటి నెల పాడైపోయిన పాత ఫోనులో.