ఒక అంగుళం ఇటు, ఒక అంగుళం అటు

తగ్గింపు ధరకు దొరికాయని తెచ్చిన చెక్క బ్లైండ్లు 36 అంగుళాలు. కిటికీ చూస్తే 34½. అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఇది తెలిసిన తంటాయే. బ్లైండ్లు గరాజులో ఓ మూలకు చేరతాయి, కిటికీకి పాత దుప్పటి ఎక్కుతుంది. హోమ్ డిపో, లోస్ వంటి దుకాణాలు తాము అమ్మే కొన్ని రకాలను అక్కడే మర మీద కోసిస్తాయి గానీ, ఇంటికొచ్చాక బయటపడిన తేడాకు ఇంట్లోనే రంపం పట్టాలి.

పట్టవచ్చు కూడా. భయపడాల్సింది రంపానికి కాదు, టేపుకి.

కిటికీ చట్రం పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పు ఉంటుందనుకోవడం పొరపాటు. పైన, నడుమ, కింద కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొలతనే లెక్కలోకి తీసుకోవాలి. అది 34½ అయితే, చట్రానికి రాసుకోకుండా అరంగుళం వదిలి 34కి కోయాలి. మన వడ్రంగుల లెక్కలో ఆ అరంగుళం నాలుగు నూళ్లు.

అసలు తప్పు జరిగేది ఆ తర్వాత. తీయాల్సింది రెండంగుళాలే కదా అని ఒకే కొసన కోసేస్తారు. తాళ్లు దూరే బెజ్జాలు పట్టీకి రెండు కొసల నుంచీ సమాన దూరంలో ఉంటాయి. ఒకవైపే కోస్తే ఆ పొందిక చెడి, బ్లైండు చూపుకే వంకరగా కనిపిస్తుంది. అంగుళం ఇటు, అంగుళం అటు తీయాల్సిందే.

పట్టీలన్నిటినీ దొంతిగా పేర్చి, కోత పడేచోట మాస్కింగ్ టేపు చుట్టి, క్లాంపుతో బిగిస్తే అంచులు పెచ్చులూడవు. 80 పళ్ల బ్లేడయితే కోత నున్నగా వస్తుంది. పైనుండే హెడ్‌రెయిల్ ఉక్కురేకు. దానిమీద చెక్క బ్లేడు ఆడించకూడదు. లోపలి సరంజామా పక్కకు తీసి, హ్యాక్సాతో కోసి, ఆకురాయితో అంచు రుద్దాలి. పట్టీలను తిప్పే కడ్డీ ఒకటి అందులోనే ఉంటుంది. దాన్నీ అంతే కురచ చేయాలన్నది చాలామందికి అన్నీ బిగించబోయాక గానీ గుర్తుకురాదు.

అన్నిటికీ రంపమే మందు కాదు. తాడు లేకుండా చేత్తో నెడితే లేచే రకాల్లో హెడ్‌రెయిల్ లోపల స్ప్రింగు ఉంటుంది. ఎంతవరకు కోయవచ్చో తయారీదారు చెప్పకపోతే వాటి జోలికి పోకూడదు. ఇక తాళ్లు వేలాడే పాత బ్లైండ్లను, ఎంత చక్కగా కోసినా, పసిపిల్లలున్న ఇంట్లో బిగించడం తగదు. ఆ తాళ్లు మెడకు బిగుసుకుని పిల్లలు చనిపోయారు. అందుకే రెడీమేడ్ బ్లైండ్లకు పిల్లల చేతికందే తాళ్లు ఉండకూడదన్న ప్రమాణం 2018 డిసెంబర్ 15 నుంచి అమెరికాలో అమల్లోకి వచ్చింది. డబ్బు మిగులుతుందన్న వాదన అక్కడ చెల్లదు.

పొడవు తగ్గించడం ఇంతకన్నా తేలిక. అడుగు పట్టీ కింద ఉన్న బిరడాలు పీకి, ముడులు విప్పి, అదనపు పట్టీలు లాగేసి మళ్లీ ముడేస్తే సరి. వెడల్పు కోసేటప్పుడే వాటినీ కలిపి కోసి దాచుకుంటే, ఏదో ఒక రోజు పిల్లవాడి బంతి తగిలి నడిమి పట్టీ విరిగినప్పుడు అదే రంగు, అదే కొలత పట్టీ ఇంట్లోనే దొరుకుతుంది.